మీకు తెలుసా? నానితే వదిలే మరక

అమెరికాలో మే నెల ఆఖరుకల్లా ఇళ్లు రోడ్డెక్కుతాయి. పికప్ ట్రక్కు వెనక హిచ్‌కి తగిలించి లాక్కుపోయే ఆ ఇంటి పేరు ట్రావెల్ ట్రైలర్. మంచాలు, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది అన్నీ అందులోనే. మెమోరియల్ డే సెలవు కలిసొచ్చిన వారాంతంలో హ్యూస్టన్, టాంపాల్లోని మన తెలుగు కుటుంబాలు కూడా ఒకటి అద్దెకు తీసుకుని, పులిహోర డబ్బాలు సర్దుకుని సముద్రతీరానికో స్టేట్ పార్కుకో బయల్దేరుతుంటాయి. దక్షిణాది రాష్ట్రాల్లో పురుగులు గుంపులుగా ఎగిరేదీ ఇంచుమించు ఆ రోజుల్లోనే. సాయంత్రం క్యాంప్‌గ్రౌండ్‌లో దిగి చూస్తే ట్రైలర్ ముందు గోడ నిండా పసుపు, తెలుపు, నలుపు చుక్కలు! ఆ చుక్కల సంగతులే ఈసారి.

◆ ఫ్లోరిడా, టెక్సస్, లూసియానా తీరాల్లో ఈ మరకలకు మొదటి ముద్దాయి లవ్‌బగ్. ఒళ్లంతా నలుపు, తల వెనక మాత్రం ఎర్రటి మచ్చ. ఆడా మగా అతుక్కునే ఎగురుతాయి కాబట్టి చితికేటప్పుడూ జంటగానే చితుకుతాయి. ఒక్క దెబ్బకు రెండు మరకలన్నమాట. కుట్టదు, కరవదు. రెక్కలొచ్చాక బతికేది కొద్ది రోజులే. టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో దొరికిన నమూనాలను చూసి 1940లో డి. ఎల్మో హార్డీ అనే కీటక శాస్త్రవేత్త దీనికి ప్లీసియా నియార్క్టికా అని శాస్త్రీయ నామం పెట్టారు. మధ్య అమెరికా వైపు నుంచి గల్ఫ్ తీరం వెంబడి తూర్పుకు జరుగుతూ 1949 నాటికే ఫ్లోరిడాలో కాలుపెట్టింది. అక్కడ దీనికి ఏటా రెండు సీజన్లు. ఏప్రిల్ చివర్లో మొదలై మే దాకా ఒకటి, ఆగస్టు చివర్లో మొదలై సెప్టెంబరు దాకా ఇంకొకటి. ఒక్కోటి సుమారు నాలుగు వారాలు సాగుతుంది.

◆ దోమల్ని తినడానికి ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు ల్యాబ్‌లో తయారుచేస్తే చేజారిపోయిన పురుగే లవ్‌బగ్ అని ఆ రాష్ట్రంలో తరాలుగా ఒక పుకారు. పచ్చి అబద్ధం. అది తాగేది పూలలో తేనె. దోమతో దానికి స్నేహమూ లేదు, వైరమూ లేదు.

◆ మరి పొలాలూ పూలూ వదిలేసి హైవే మీదికే ఎందుకొస్తుంది? దాని పిల్లపురుగులు కుళ్లిన గడ్డిలో, పశువుల పేడ కింద పెరుగుతాయి. అందుకని గుడ్లు పెట్టాలనుకునే ఆడపురుగు కుళ్లిన ఆకుల వాసన వెతుక్కుంటూ ఎగురుతుంది. బండ్ల పొగ మీద ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితే ఆల్డిహైడ్లనే పదార్థాలు పుడతాయి. ఆ వాసనే దాన్ని రోడ్డుకు రప్పిస్తుందని 1970లలో జరిగిన పరిశోధనల్లో తేలింది. ఇంజన్ వేడికి, నేల అదురుకు కూడా అది ఆకర్షితమవుతుందట. ఇక నున్నగా మెరిసే లేత రంగు గోడ కనిపిస్తే వచ్చి వాలుతుంది కూడా. అమెరికాలో అమ్ముడయ్యే ట్రైలర్లలో అధికభాగం తెలుపో, లేత బూడిద రంగో! పొగ వదిలేది ముందున్న ట్రక్కు, దెబ్బలు తినేది వెనకున్న ట్రైలర్.

◆ లవ్‌బగ్ ఒంట్లో ఆమ్లం ఉందని, అదే రంగును తినేస్తుందని అందరూ అనేమాట. సగమే నిజం. అప్పుడే చితికిన పురుగు పీహెచ్ 6.5 దగ్గర, అంటే దాదాపు తటస్థంగానే ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే సూక్ష్మజీవులు పనిలో దిగి కుళ్లబెడతాయి. ఒక రోజు గడిచేసరికి పీహెచ్ 4.25 దాకా పడిపోతుంది. రంగును తినేది పురుగు కాదు, మనం ‘రేపు చూద్దాంలే’ అనుకున్న ఆ ఒక్క రోజు. పాతకాలం కార్ల మీద పైపూత లేని రంగు ఉండేది కాబట్టి దీనికి అంత చెడ్డపేరు వచ్చింది. ఇప్పటి కార్లకు రంగు మీద క్లియర్‌కోట్ ఉంటుంది, కాస్త తట్టుకుంటుంది. ట్రైలర్లలో చాలావాటికి ఆ భాగ్యం లేదు. ఫైబర్‌గ్లాస్ గోడ మీద ఉండేది జెల్‌కోట్. ఏళ్ల తరబడి ఎండలో నిలిపితే అది పాలిపోయి, చేత్తో రాస్తే సున్నం అంటినట్టు తెల్లపొడి రాలుతుంది. అలా గరుకెక్కిన గోడలోకి మరక దిగితే మళ్లీ పైకి రావడం కష్టం.

◆ ఎర్రటి మరక కనిపిస్తే అది చాలావరకు పురుగు రక్తం కాదు. మన రక్తాన్ని ఎర్రగా ఉంచేది హీమోగ్లోబిన్. చాలా పురుగులకు అది ఉండదు, అవసరమూ లేదు. ప్రాణవాయువును వాటి ఒంట్లో సన్నటి గాలి గొట్టాలే నేరుగా మోసుకెళ్తాయి. వాటి ఒంట్లో పారేది పసుపు, ఆకుపచ్చ కలిసిన పలచటి ద్రవం, పేరు హీమోలింఫ్. మరి ఎరుపెక్కడిది? దోమ అయితే అంతకుముందే ఎవరినో కుట్టి తాగిన రక్తం. ఈగ అయితే దాని కళ్లలోని రంగు.

◆ అంత పలచటి ద్రవం సాయంత్రానికి గోరుతో గీకినా రానంతగా ఎలా బిగుస్తుంది? పురుగుకు గాయమైతే హీమోలింఫ్ అక్కడికక్కడే గడ్డకట్టి గాయాన్ని మూసేస్తుంది, నల్లబడుతుంది. దాని ప్రాణం కాపాడుకునే ఏర్పాటు అది. పురుగు చితికినా ఆ రసాయనాలు ఊరుకోవు, మన గోడ మీదే పని కానిచ్చేస్తాయి. దానికి తోడు అందులో నిండా మాంసకృత్తులే. వేడి పెనం మీద గుడ్డు తెల్లసొన పడితే ఏమవుతుందో, మే నెల ఎండలో కాగిన రేకు మీద వీటికీ అదే అవుతుంది. ఆ జిగురులో కాళ్లు, రెక్కలు, పెంకు ముక్కలు ఇరుక్కుపోతాయి. అవి కైటిన్‌తో చేసినవి. కైటిన్ నీళ్లలో కరగదు, సబ్బుకూ కరగదు.

కరగనిదాన్ని కరిగించాలని చూడకూడదు. దాన్ని పట్టుకుని ఉన్న జిగురును మెత్తబరిస్తే చాలు, అదే ఊడొస్తుంది. కిటుకంతా ఇక్కడే ఉంది. దుకాణంలో అరలకొద్దీ సీసాలు అమ్ముతారు, ఒక్కోదాని మీద ఒక్కో వీరగాథ రాసుంటుంది. వాటిలో చాలావాటి పని పాత టవల్, బకెట్ నీళ్లు చేసేస్తాయన్నది నా గట్టి నమ్మకం. కావలసింది బలం కాదు, తడి ఆరకుండా కాసేపు ఆగే ఓపిక.

◆ ఓపిక అంటే ఎంతసేపు? పది నిమిషాల నుంచి పావుగంట. ఎండ తగ్గాక, గోడ చేత్తో తాకితే చల్లగా అనిపించాక మొదలుపెట్టాలి. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు కారు షాంపూ కలిపి, పాత టవల్‌ను ముంచి, కారుతూ ఉండగానే ముందు గోడకు అతికించినట్టు పరవాలి. జారిపోతుంటే పై అంచును ట్రైలర్ కిటికీ గార్డుకో, దీపాల అంచుకో తగిలించవచ్చు. మధ్యలో టవల్ ఆరుతుంటే పిచికారీ సీసాతో మళ్లీ తడపాలి. పొగలు కక్కే నీళ్లు మాత్రం వద్దు. మాంసకృత్తులు వేడికే బిగుస్తాయని ఇప్పుడే కదా చెప్పుకున్నాం.

ఆ తర్వాత టవల్ కొస ఎత్తి ఒక్క మరకనే దగ్గరగా చూడండి. ఇందాక గాజుపెంకులా మెరిసిన మరక ఇప్పుడు ఉబ్బి మసకబారి ఉంటుంది. ముందుగా అంచులు పైకి లేస్తాయి, నడిమధ్యన గుడ్ల ముద్ద ఉన్న చోటు మాత్రం ఇంకా తెల్లగా, గట్టిగా ఉంటుంది. లవ్‌బగ్ ఆడదైతే పొట్టంతా గుడ్లే, ఆలస్యమంతా అక్కడే. ఒక రెక్క ఒక కొసన అంటుకుని రెండో కొసన నీళ్లలో ఆడుతుంటుంది. అప్పుడు మైక్రోఫైబర్ గుడ్డను తడిపి, నొక్కకుండా పైనుంచి కిందికి ఒక్కసారి లాగితే చాలు, అంచులన్నీ గుడ్డకు వచ్చేస్తాయి. మధ్యలో మిగిలినదానికి మళ్లీ అయిదు నిమిషాలు తడి. గుడ్డను ప్రతిసారీ మడత మార్చి కొత్తవైపుతోనే తుడవాలి. పెంకు ముక్కలున్న వైపుతోనే రుద్దితే గోడ మీద సన్నటి గీతలు పడతాయి. అవి అప్పటికప్పుడు కనబడవు, మర్నాడు ఉదయం ఏటవాలు ఎండలో కనిపిస్తాయి.

చాలా క్యాంప్‌గ్రౌండ్లలో పైపు పెట్టి బండి కడగనివ్వరు. టవల్ పద్ధతికి బకెట్ నీళ్లు చాలు కాబట్టి ఇబ్బంది ఉండదు. అయినా ఆఫీసులో ఒకమాట అడిగి చేయడం మర్యాద.

◆ సీసా మందు కొనాలనే అనుకుంటే, వెనకవైపు చదివి ఎంజైమ్ అన్న మాట ఉందేమో చూడండి. ప్రోటియేజ్ అనే ఎంజైమ్ మాంసకృత్తుల గొలుసులను ముక్కలుగా తెంపుతుంది. ఇదేమీ కొత్త విద్య కాదు. బట్టల మీద రక్తం, చెమట మరకలకు ఇది పనికొస్తుందని జర్మనీలో ఒట్టో రోమ్ 1913లోనే పేటెంట్ తీసుకున్నారు. జంతువుల క్లోమం నుంచి తీసిన ఎంజైముతో బట్టల పొడి తయారుచేసి బర్నస్ అనే పేరుతో అమ్మారు. ఎంజైముకు తడి ఉండాలి, కాస్త వ్యవధి ఉండాలి. చల్లిన మరుక్షణం తుడిచేస్తే డబ్బు దండగ.

◆ రాకెట్‌కు తుప్పు పట్టకుండా చేసిన మందు పురుగుల మరకలకూ వాడతారు! 1953లో శాన్ డియాగోలో రాకెట్ కెమికల్ కంపెనీ అట్లాస్ క్షిపణి పైరేకు తడి తగలకుండా ఉండేందుకు ఒక ద్రవం తయారుచేయబోయి, నలభయ్యో ప్రయత్నంలో నెగ్గింది. అదే డబ్ల్యూడీ-40. ఇంట్లో తలుపు బందులకు కొట్టే ఆ నీలం పసుపు డబ్బానే. ఇది పురుగుల మరకను మెత్తబరుస్తుంది, నిజమే. పోతూపోతూ గోడ మీది మైనాన్నీ తీసుకుపోతుంది. తర్వాత సబ్బునీళ్లతో కడిగి, మళ్లీ మైనం పట్టించక తప్పదు. పైకప్పు దగ్గర మాత్రం అసలు వద్దు. చాలా ట్రైలర్ల కప్పు మీద ఉండేది ఈపీడీఎం అనే రబ్బరు పొర. పెట్రోలియం ద్రావకం తగిలితే అది ఉబ్బిపోతుంది. ముందు గోడ మీద మరకకని చూసుకుంటే కప్పు కారడం మొదలవుతుంది.

◆ బట్టలారబెట్టే యంత్రంలో వేసే డ్రయర్ షీట్‌ను తడిపి రుద్దితే మరక ఇట్టే పోతుందని ట్రైలర్ల వాళ్లు ఒకరికొకరు చెప్పుకునే చిట్కా. పోతుంది. ఆ షీటుకు పట్టించిన మెత్తబరిచే రసాయనం కొంత పనిచేస్తే, మిగతాది షీటు గరుకుదనం. ఆ గరుకు మరకతో ఆగదు. తెల్లటి మెలమైన్ స్పాంజి సంగతీ ఇంతే. మెత్తగా ఉంటుంది కానీ, నిజానికి అది అతి సన్నటి గరుకు కాగితం పనే చేస్తుంది. వంటింటి గట్టు మీద వాడుకోవడానికి బాగుంటుంది గానీ, మెరిసే జెల్‌కోట్ మీద వాడితే ఆ మేర మాత్రం మసకగా మిగిలిపోతుంది.

ప్రెషర్ వాషర్‌తో దగ్గర్నుంచి కొడితే స్టిక్కర్ బొమ్మల అంచులు లేస్తాయి, అతుకుల దగ్గర పూసిన సీలెంట్ చిట్లుతుంది. అక్కణ్నుంచి లోపలికి వెళ్లేది నీళ్లు. ట్రైలర్ గోడల లోపల చాలావాటికి కర్ర చట్రమే ఉంటుంది.

◆ ముందు వెళ్లే ట్రక్కు అద్దం ఓ మోస్తరుగా ఉంటే వెనక ట్రైలర్ ముఖాన అన్నేసి మరకలు దేనికి? ఎత్తు చూడండి. పికప్ ఆరడుగులు దాటి కాస్త ఉంటుంది. ట్రైలర్ పది, పదకొండు అడుగులు. ట్రక్కు బానెట్, అద్దం, కప్పు మీదుగా గాలి పైకి ఎక్కి వెనక్కి పోతుంది. అందులో చిక్కుకున్న పురుగులు ట్రక్కును తప్పించుకుని, దాని వెనకే నిలువుగా నిలబడ్డ గోడకు పోయి కొట్టుకుంటాయి. అందుకే మరకలు ఎక్కువగా ట్రైలర్ పై భాగంలో, అటూ ఇటూ మూలల్లో ఉంటాయి. ట్రక్కు చాటున ఉన్న కింది నడిమి భాగం కాస్త శుభ్రంగా కనిపిస్తుంది. కప్పు మీద ఏసీ పెట్టె ముందువైపు చూడటం చాలామంది మర్చిపోతారు. నిచ్చెన వేసి చూస్తే అక్కడో పెద్ద జాతరే ఉంటుంది.

చిన్న పురుగుకు బరువు తక్కువ కాబట్టి గాలితోపాటే వంపు తిరిగి తప్పించుకోగలదు. మిడత లాంటి బరువైనది తిరగలేదు, ఎదురుగా వచ్చినదానికి తగలాల్సిందే.

◆ వేగం తగ్గిస్తే మరక తగ్గుతుంది, అదీ మనం అనుకునేదానికన్నా ఎక్కువగా. దెబ్బలోని శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 55 మైళ్ల నుంచి 70 మైళ్లకు పెంచితే వేగం పావు వంతు పైచిలుకు పెరిగినట్టు, శక్తి మాత్రం సుమారు 60 శాతం పెరిగినట్టు. కాలిఫోర్నియాలో ఇంకో బండిని లాక్కెళ్లే ఏ బండీ 55 మైళ్లు, అంటే సుమారు 88 కిలోమీటర్ల వేగం దాటకూడదని చట్టమే ఉంది. పురుగుల కోసం పెట్టింది కాదులెండి. ట్రైలర్ టైర్లలో చాలావాటికి కూడా, వేరే అంకె రాసి ఉంటే తప్ప, 65 మైళ్లే హద్దు.

◆ పగలు వెళ్లాలా, రాత్రి వెళ్లాలా? అది మీరున్న రాష్ట్రాన్ని బట్టి. లవ్‌బగ్ పగటి పురుగు. పొద్దెక్కాక, గాలి 20 డిగ్రీల సెల్సియస్ దాటాక ఎగరడం మొదలెట్టి చీకటి పడేసరికి గడ్డి మీద వాలిపోతుంది. ఫ్లోరిడాలో తెల్లవారుజామునో రాత్రో బయల్దేరినవాడు సుఖపడతాడు. అదే సలహా పట్టుకుని కొలరాడో పోతే కొంప మునుగుతుంది. అక్కడ మే, జూన్ నెలల్లో మిల్లర్ మాత్ అనే చిమ్మటలు మైదానాల నుంచి రాకీ పర్వతాలకు వలసపోతాయి. పగలంతా సందుల్లో నక్కి, రాత్రిళ్లు ఎగిరి, దీపం కనిపిస్తే చాలు మీదికొస్తాయి. వాటి రెక్కల పొలుసులు, ఒంట్లో కొవ్వు కలిసి గోడ మీద జిడ్డు చార పడుతుంది. దానికి ఉత్త నీళ్లు చాలవు, సబ్బు ఉండాల్సిందే. ఇంతకీ ఆ చిమ్మటలు కొండెక్కేది చల్లటి చోట పూల తేనె తాగి కొవ్వెక్కడానికి. ఆ కొవ్వు కోసమే ఎల్లోస్టోన్ వైపు గ్రిజ్లీ ఎలుగులు రాళ్లు తిరగేసి, ఒక్కోటి రోజుకు 40,000 దాకా చిమ్మటల్ని మెక్కుతాయి.

◆ తొలకరి జల్లు పడ్డ సాయంత్రం మన ఊళ్లలో వీధి దీపం చుట్టూ ఉసిళ్లు ముసరడం తెలియనిదెవరికి? అవి రెక్కల చెదలు. ఓహాయో దగ్గర ఈరీ సరస్సు ఒడ్డున, విస్కాన్సిన్ వైపు మిసిసిపీ నది వెంట జూన్, జులైలో ముసిరేవి వేరు, వాటిని మేఫ్లై అంటారు. నీళ్లలోంచి ఒక్కసారిగా ఎంతమేర లేస్తాయంటే, 2014 జులైలో లాక్రాస్ దగ్గర లేచిన గుంపు వాతావరణ శాఖ రాడార్ మీద వాన మబ్బులాగే కనబడింది. వంతెనల మీద పొరలుగా పడిన పురుగుల వల్ల బండ్లు జారిపోతుంటే మంచు తోసే యంత్రాలు తెచ్చి తోసేస్తారు. పెద్దయ్యాక మేఫ్లైకి తినడానికి పనికొచ్చే నోరే ఉండదు. నీరు చెడి, ప్రాణవాయువు తగ్గితే ముందుగా పోయేది ఇదే. 1950లలో ఈరీ పడమటి భాగం నుంచి మాయమై, నీళ్లు బాగుపడ్డాక 1990లలో తిరిగొచ్చింది. ఆ ఒడ్డు ఊళ్ల వాళ్లు అద్దాలు తుడుచుకుంటూనే సంతోషించారంటే అర్థం చేసుకోవచ్చు.

◆ నెవాడాలో మార్మన్ క్రికెట్ అని ఒకటుంది. పేరులో ఉన్నట్టు ఇది కీచురాయి కాదు, మిడత చుట్టం. ఎగరలేదు, నడిచే వస్తుంది. 2023 జూన్‌లో ఎల్కో దగ్గర ఇవి గుంపులుగా రోడ్లు దాటుతూ చక్రాల కింద పడి నలిగితే హైవే వాళ్లు ఇసుక చల్లాల్సి వచ్చింది. ఆ దారిన వెళ్లిన ట్రైలర్‌కు మరకలు ముందు గోడ మీద కాదు, చక్రాల గూళ్లలో, అడుగుభాగంలో వెతకాలి.

◆ రాకుండా ఆపడం దాదాపు అసాధ్యం, వచ్చింది గట్టిగా పట్టుకోకుండా చేయడం సాధ్యం. మొదటి ఉపాయం మైనం. బండ్లకు పూసే మైనాల్లో పేరున్నది కార్నూబా. ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక జాతి తాళవృక్షం ఎండకు నీరు ఆవిరైపోకుండా తన ఆకుల మీద పూసుకునే పొర అది. 80 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ కరగదు కాబట్టి ఎండలో ఉన్న బండికి సరిపోతుంది. మిఠాయి బిళ్లల మీద నిగనిగకూ దీన్నే వాడతారు. ప్రయాణానికి ముందు ట్రైలర్ ముందు గోడకు మాత్రమైనా ఒక పూత పట్టిస్తే, సాయంత్రం టవల్ పని సగానికి సగం తగ్గుతుంది. ఏళ్లతరబడి నిలిచే సిరామిక్ పూతలూ ఉన్నాయి. ఖరీదెక్కువ, పూసే ముందు గోడను సిద్ధం చేసే పని అంతకన్నా ఎక్కువ. పూసినంతమాత్రాన కడగక్కర్లేదని అమ్మేవాడు అంటాడు, నమ్మకండి. మరక కుళ్లితే పూతా పాడవుతుంది.

ఫ్లోరిడాలో పాతకాపులు లవ్‌బగ్ సీజన్‌లో బండి ముందుభాగానికి పల్చగా బేబీ ఆయిల్ రాస్తారు. జిడ్డు మీద పడిన పురుగు గోడను పట్టుకోలేదు. పనిచేసే చిట్కానే. కాకపోతే దుమ్ము కూడా దానికే అంటుకుంటుంది, ఊరు చేరాక సబ్బుతో కడిగేయాలి. వంటనూనె కొట్టేవాళ్లూ ఉన్నారు. నాకైతే ఆ ఎండలో మాగిన నూనె కంపు తలుచుకుంటేనే వద్దనిపిస్తుంది.

◆ బండి ముందు అంటించే పారదర్శకమైన రక్షణ పొరకు మూలం వియత్నాం యుద్ధంలో ఉంది. ఇసుక, రాళ్లు తగిలి హెలికాప్టర్ రెక్కలు అరిగిపోతుంటే వాటిని కాపాడేందుకు 3ఎం కంపెనీ తయారుచేసిన యూరథేన్ పొర తర్వాత రేసు కార్లకు, ఆపైన మామూలు బండ్లకు వచ్చింది. ట్రైలర్‌కు వేయిస్తే పురుగుకన్నా ఎక్కువగా గులకరాళ్ల దెబ్బకు పనికొస్తుంది.

◆ మన బాధే నాసాకూ ఉంది. విమానం రెక్క ముందు అంచు మీద పురుగు చితికితే ఆ చిన్న బుడిపె చాలు, రెక్క మీద నున్నగా జారాల్సిన గాలి చెదిరి సుడులు తిరుగుతుంది. ఇంధనం ఎక్కువ తాగుతుంది. దెబ్బలు తగిలేది ఎత్తులో కాదు, నేలకు దగ్గరగా, ఎగిరేటప్పుడూ దిగేటప్పుడూ. అందుకని నాసా బృందం 2015లో బోయింగ్ ఎకోడెమాన్‌స్ట్రేటర్ 757 విమానం రెక్కకు అయిదు రకాల అంటుకోని పూతలు పెట్టి, పురుగులు బాగా ఉండే చోటని ఏరికోరి లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌కు తీసుకెళ్లింది. అక్కడి నుంచి 15 సార్లు ఎగిరి, దిగి, ప్రతిసారీ రెక్క మీద మరకలు లెక్కపెట్టారు. తామరాకు మీద నీటిబొట్టు నిలవని గుణాన్నీ ఆ పరిశోధనలో పరిశీలించారు. అన్నింట్లోకీ మెరుగైన పూత మరకలను సుమారు 40 శాతం తగ్గించింది. అంతే, 40! నాసా పూతే అంతమాత్రం చేస్తే, సీసా మీద ‘పురుగు ఇక అంటదు’ అని రాసినదాన్ని ఎంత నమ్మాలో మీరే చెప్పండి.

◆ ‘మీ కారు మీది ఆ జిగట’ అనే అర్థం వచ్చే పేరుతో ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ హోస్టెట్లర్ ఒక పుస్తకం రాశారు. అద్దం మీద మరక రంగు, ఆకారం చూసి ఏ పురుగో చెప్పేయడం అందులో విషయం. దానికి 1997లో కీటక శాస్త్ర విభాగంలో ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పనులకు ఇచ్చే బహుమతి అది. కారులో దూరప్రయాణం చేసే పిల్లలున్న ఇంట్లో ఈ పుస్తకం భలే కాలక్షేపం.

◆ మరకలను లెక్కపెట్టే పరికరం కూడా ఉంది. పేరు స్ప్లాటోమీటర్. అట్టముక్క మీద గళ్లు గీసి నంబరు ప్లేటుకు అంటించడమే, అంతకుమించి ఏమీ లేదు. 2004లో బ్రిటన్‌లో పక్షి సంరక్షణ సంస్థ ఆర్ఎస్‌పీబీ అడిగితే సుమారు 40,000 మంది డ్రైవర్లు లెక్కలు పంపారు. మొత్తం 3,24,814 మరకలు, సగటున అయిదు మైళ్లకు ఒకటి. 2021లో నంబరు ప్లేట్ల మీదే మళ్లీ లెక్కిస్తే యూకేలో 58 శాతానికి పైగా తగ్గాయి. డెన్మార్క్‌లో ఒకే దారిలో 1997 నుంచి 2017 దాకా కారు అద్దం మీద లెక్కిస్తూ పోతే 80 శాతం తరుగుదల కనిపించింది. బండ్ల ఆకారం మారింది, గాలిని కోసుకుపోతున్నాయి కాబట్టి పురుగులు తగలడం లేదని కొందరు వాదిస్తారు. బ్రిటన్‌లోనే కెంట్ ప్రాంతంలో పాతకాలపు కార్లను కూడా కలిపి చేసిన లెక్కలో కొత్త కార్లకే కాస్త ఎక్కువ తగిలాయి. బండి ముక్కు కాదు కారణం, పురుగులే తగ్గాయి.

◆ ఆఖరుగా, దోమల మందు. ట్రైలర్‌కు పురుగు చేయలేని హాని ఒక్కోసారి పురుగులకని మనం ఒంటికి పూసుకునే మందు చేస్తుంది. అమెరికాలో ఎక్కువమంది వాడే డీట్ చర్మానికి ఫరవాలేదు గానీ ప్లాస్టిక్, వినైల్, రంగుపూతలు దాని దెబ్బకు మెత్తబడతాయి. ట్రైలర్ పక్కన నిలబడి ఒంటికి కొట్టుకుంటే ఆ తుంపర్లు గోడ మీది స్టిక్కర్ల మీద, దీపాల మూతల మీద పడి మచ్చలు తేలతాయి. వేలిముద్రలు తలుపు పిడి మీద అలాగే దిగిపోతాయి. వీటిని ఏ టవలూ నానబెట్టి తీయలేదు. పికారిడిన్ ఉన్న మందుతో ఈ తంటా లేదు, ప్లాస్టిక్ జోలికి పోదు. డీటే కావాలంటే నాలుగడుగులు అవతలికి వెళ్లి, గాలి ఎటు వీస్తోందో చూసుకుని కొట్టుకోండి. చేతులు కడుక్కున్నాకే తలుపు తీయండి.